కొస దగ్గర చేతులు

భూలక్ష్మి పోయింది గానీ, ఆవిడ చేతులు మాత్రం ఇంట్లోనే ఉండిపోయాయి. కూతురి జడలో ఉన్నాయి.

ఇందులో నోరు వెళ్ళబెట్టాల్సినదేమీ లేదు. ఆ పొద్దున పిల్లకి బడి టైమవుతోంది. ముందు గుమ్మం పై మెట్టు మీద తను, కింది మెట్టు మీద కూతురు పైడి. మూడు పాయలు తీసి, సగం జడ అల్లేసరికి భూలక్ష్మి గుండె ఆగింది. మనిషి వెనక్కి ఒరిగిపోయింది. చేతులు ఒరగలేదు. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేసే రకం కాదు ఆవిడ.

పాడె మీద పడుకోబెట్టినప్పుడు మణికట్ల దగ్గర కొంగు కప్పేశారు. వచ్చినవాళ్ళు చూశారు, కళ్ళు తుడుచుకున్నారు, ఎవరూ ఏమీ అడగలేదు. మనిషి పోయాక ఏదో ఒకటి వెనకబడిపోవడం ఆ వీధిలో కొత్త కాదు. ఎదురింటి ముసలాయన పోయినప్పుడు, ఆయన దగ్గు చాన్నాళ్ళు ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని ఉంది.

వీధంటే విజయనగరం శివార్లలో జూట్ మిల్లు పనివాళ్ళ ఇళ్ళ వరస. భూలక్ష్మి మొగుడు వరహాలు ఆ మిల్లులో నార చిక్కు తీసే మిషను మీద పని చేస్తాడు. ఇనప ముళ్ళ రోలర్ల మధ్యకి జనపనార తోస్తే, అవతలి వైపు నుంచి పట్టులాగా జారుతుంది. అలాంటివాడికి సొంత కూతురి తల దువ్వడం మాత్రం రాదు. వరహాలు మంచివాడే. మంచివాళ్ళకి జడ వేయడం వచ్చి తీరాలని ఎక్కడా లేదు కదా!

చేతులు పగలూ రాత్రీ అల్లుతున్నాయి. ఆకుపచ్చ గాజులు మెల్లగా మోగుతుంటాయి. అల్లిక కొసకి వచ్చిందనుకునేసరికి జుట్టు ఇంకాస్త పెరుగుతుంది. చేతులు ఇంకాస్త జరిగి, ఆ కాస్తా అల్లుతాయి. జడ నడుం దాటింది, నేల మీద పడింది, గది దాటింది. ఇప్పుడది వంటింట్లో రుబ్బురోలు చుట్టూ తిరిగి, పెరటి గుమ్మంలోంచి బయటికి వెళ్ళి, నూతి గట్టు దగ్గర ఆగింది. చేతులు అక్కడ ఎండలో పని చేసుకుంటున్నాయి. పైడి ముందు గదిలో చాప మీద కూర్చుని ఉంది. అల్లినకొద్దీ తల్లి చేతులు పిల్లకి దూరమవుతున్నాయి, ఏం చేస్తాం!

పైడి అప్పుడప్పుడు జడని మెల్లగా లాగుతుంది. నూతి గట్టు దగ్గర్నుంచి రెండు చిన్న లాగుళ్ళు తిరిగి వస్తాయి. తల్లీ కూతుళ్ళకి ఇప్పుడున్న మాట అదొక్కటే.

కానీ ఆ లాగుళ్ళకి పిల్ల తల ఓర్చుకోలేకపోతోంది. కణతల దగ్గర చర్మం ఎర్రగా కందిపోయింది. పక్కకి తిరిగి పడుకోలేదు, మెడ వంచి అన్నం తినలేదు. లోపల కుదుళ్ళ దగ్గర జుట్టు చిక్కుపడి అట్టకట్టింది. దానికితోడు మైల. మైల రోజుల్లో ఆ ఇళ్ళలో ఎవరూ తలకి నూనె రాయరు, దువ్వెన ముట్టుకోరు. వరహాలు అక్క అప్పలకొండ ఈ సంగతులన్నీ చూసుకోవడానికే ఊరి నుంచి వచ్చి కూర్చుంది. ఉన్న దువ్వెనలన్నీ మూటగట్టి అటక మీద పడేసింది.

అయినా వరహాలు ఒకసారి ఆగలేకపోయాడు. అక్క స్నానానికి వెళ్ళినప్పుడు అటక మీంచి ప్లాస్టిక్ దువ్వెన తీశాడు. మిల్లులో నారని పట్టుకున్నట్టే పిల్ల జుట్టుని పిడికిట పట్టి, నడినెత్తి మీంచి కిందికి ఒక్క లాగు లాగాడు. దువ్వెన పళ్ళు పటపటా విరిగి జుట్టులోనే ఉండిపోయాయి. నార ఏడవదు. పైడి కూడా పైకి ఏడవలేదు, పెదవి కొరుక్కుంది.

"మైల్లో దువ్వెన ముట్టుకుంటావేట్రా, బుద్ధుందా?" అని తడి బట్టల్తోనే వచ్చి కేకలేసింది అప్పలకొండ. తర్వాత పిల్ల కణతలు చూసి తనే కూలబడింది.

ఇవాళ అప్పలకొండ తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంటుంది.

"రేపు పెద్దదినం. ఇంటిల్లిపాదీ తలకి పోసుకోవాల. జడ ఇప్పకుండా గుంటకి తలకెలాగ పోస్తావురా తమ్ముడూ?"

"ఇప్పితే సేతులు ఎల్లిపోతాయి కదప్పా."

"ఎల్లనీరా. ఎన్నాల్లని దాన్ని పనిలో పెడతావు? సచ్చిపోయినా ఆడమనిసికి రెస్టు నేదేటి?"

అక్క మాటల్లో అన్యాయమేమీ లేదు, అదే వచ్చిన చిక్కు.

చాప మీంచి పైడి అంటుంది. "నొప్పెడితే నాకు కదా నొప్పెడతంది. ఇప్పొద్దు."

వరహాలు వెళ్ళి పిల్ల పక్కన కూర్చుంటాడు. పైడి తన వేలితో పాపిడి దగ్గర చూపిస్తుంది. కుదుళ్ళలో కొత్త జుట్టు పుట్టింది, నల్లగా, గోరంత.

"ఇది సూడు నాన్నా. అమ్మ పోయేక వచ్చింది. దీన్ని అమ్మ ముట్టుకోనేదు. రోజూ వస్తంది. అమ్మ ముట్టుకోని జుట్టు నాకొద్దు."

వరహాలు ఆలోచించకుండా ఒక మాట ఇచ్చేస్తాడు.

"జడ ఇప్పకుండా సిక్కు తీసే బ్రష్షు తెస్తానమ్మా. ప్లాస్టిక్కుది కాదు, నిజమైన ఎంట్రుకల్ది. నొప్పి పోతాది, అమ్మ ఉంటాది."

పైడి తండ్రి మొహం చూస్తుంది. "అలాటిది ఉందా?"

"ఉంటాది," అంటాడు వరహాలు, చెప్పులు వేసుకుంటూ.

గంటస్తంభం వెనక దువ్వెనల సందు ఒకటుంది. ఆ సందు పొడుగు, నడిచేవాడి ఇంట్లో ఉన్న జుట్టు పొడుగుని బట్టి ఉంటుంది. పొట్టి జుట్టు ఇళ్ళవాళ్ళు ఇటు దూరి అటు తేలతారు. వరహాలు నడుస్తూనే ఉంటాడు. కుడి పక్క టీ కొట్టు వస్తుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ అదే వస్తుంది. ప్రతిసారీ టీ కొట్టువాడు అదే గ్లాసులో టీ పోస్తూ, "అంత జుట్టు ఎవరింట్లో బాబూ?" అని అడుగుతాడు. వరహాలు ప్రతిసారీ "మా ఇంట్లోనే," అంటాడు. నోరు ఎండిపోతుంది గానీ ఆగి టీ తాగడు.

సందు చివర బ్రష్షుల కొట్లో, కొట్టు యజమాని దమయంతి గారు కూర్చుని ఉంటుంది. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. బల్ల వెనక ఒక గుర్రం నిలబడి ఉంది. కొట్టు మధ్యలోంచి ఒక తాడిచెట్టు కప్పు చీల్చుకుని పైకి పోయింది. ఫ్యాను కింద ఒక పెద్ద పంది పడుకుని ఉంది.

"సరుకు ఎక్కడిదో కళ్ళారా చూసుకుని కొనుక్కోవాలండి," అంటుంది దమయంతి గారు. "ఎవరి తలకి?"

"మా అమ్మాయికండి. పొడుగు జుట్టు. ఒత్తు."

"బాధ ఎవరిది?"

"అందరిదీనండి."

"అందరికీ ఒకటే బ్రష్షు రాదు బాబూ. ఒకరి పేరు చెప్పండి."

"అయితే పిల్లదేనండి."

దమయంతి గారు తలూపి, వరహాలు ముంజేయి తిప్పి బల్ల మీద పెట్టిస్తుంది. ముందు గుర్రం వెంట్రుకల బ్రష్షు తీసి చర్మం మీద నడిపిస్తుంది. చల్లగా, హాయిగా ఉంటుంది. వరహాలుకి అక్కడే నిద్ర వచ్చేలా ఉంటుంది.

"ఇది బాగుందండి."

"బాగానే ఉంటుంది. పల్చటి జుట్టుకి, పసిపిల్లలకి ఇస్తాను. ఒత్తు జుట్టు మీద ఇది పైపైనే పోతుంది. పరామర్శకి వచ్చినవాళ్ళలాగ. వస్తుంది, అయ్యో అంటుంది, కాఫీ తాగి లేచి వెళ్ళిపోతుంది. కుదురు దాకా పోదు."

తర్వాత తాటి నార బ్రష్షు. అది తగలగానే ముంజేతి మీద తెల్లటి గీతలు లేస్తాయి. "ఇది కుదురు దాకా వెళ్తుంది, కాదనను. కానీ వెళ్ళే దారంతా గీరుతుంది," అంటుంది దమయంతి గారు. మా అప్పలకొండప్పలాగ, అనుకుంటాడు వరహాలు. పైకి అనడు.

మూడోది తీసేటప్పుడు దమయంతి గారు ఒకసారి ఫ్యాను కిందికి చూసి, దండం పెట్టినట్టు తల వంచుతుంది. నల్లటి గట్టి కుచ్చు. ఒక్కో వెంట్రుకకీ చివర సన్నగా చీలిక ఉంది. అది చేతి మీద నడిస్తే గుచ్చుకోదు, జారిపోదు. చర్మం ఎక్కడుందో దానికి తెలుసు. వరహాలు ఒళ్ళు జలదరిస్తుంది.

"పంది వెంట్రుకలు," అంటుంది దమయంతి గారు.

వరహాలు చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. "ఓలమ్మో, వద్దండి. మా ఇలవేల్పు సింహాద్రి అప్పన్న. వరాహస్వామి. నా పేరే ఆయన పేరు. ఆ ఎంట్రుకలు మేం తలకెలాగ రాసుకుంటామండి?"

"ఆయన ఏం చేశాడు బాబూ? నీళ్ళ అడుగున పడిపోయిన భూదేవిని ఎత్తుకొచ్చాడు. అన్నాళ్ళు నీళ్ళలో నానిన తల్లి జుట్టు ఎంత చిక్కుపడి ఉంటుంది? ఎవరు దువ్వారనుకున్నారు?"

ఈ సంగతి వరహాలు ఎన్నడూ ఆలోచించలేదు. కొండెక్కి ఎన్నిసార్లు దండం పెట్టుకున్నాడో, ఒక్కసారీ తట్టలేదు. పంది ఒక కన్ను తెరిచి అతణ్ణి చూస్తుంది. నైట్ డ్యూటీ దిగి వచ్చిన మనిషి కన్నులా ఉంటుంది అది. మళ్ళీ మూసుకుంటుంది.

"సరేనండి," అంటాడు వరహాలు గొంతు తగ్గించి. "ఇది జడ ఇప్పకుండా సిక్కు తీస్తాదా?"

"తీయదు. ఇది అసలు చిక్కే తీయదు."

"మరింకెందుకండి?"

"చిక్కు తీయడం చేతుల పని. కొస దగ్గర మొదలుపెట్టి, కొంచెం కొంచెం విప్పుకుంటూ పైకి రావాలి. అది అయ్యాకే బ్రష్షు. అప్పుడు కుదురు నుంచి కొసకి. కుదుట్లో ఉన్న జిడ్డు తీసుకెళ్ళి ఎండిపోయిన కొసకి ఇస్తుంది. అంతే దాని పని."

"పిల్లకి మాటిచ్చీసేనండి. జడ ఇప్పననీసి." వరహాలు బల్ల పట్టుకుని నిలబడతాడు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచదు. "ఇప్పితే మా ఆడమనిసి ఎల్లిపోతాది. ఇప్పకపోతే గుంట సచ్చిపోయేలాగుంది. నన్నేటి సెయ్యమంటారు?"

దమయంతి గారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుస్తుంది. "జుట్టులో కొస పాతది, కుదురు కొత్తది. ఆవిడ పాతదాన్ని పట్టుకుని ఎక్కడో దూరంగా ఉంది. పిల్లకి కొత్తది వస్తోందని ఆవిడకి తెలీదు. తల వంచుకుని పని చేసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? వెళ్ళి ఎవరో ఒకరు చెప్పాలి కదండీ."

చెప్పాలని వరహాలుకి తోచనే లేదు. అందరూ ఉంచాలా పంపాలా అని కొట్టుకున్నారు గానీ, ఆ చేతులతో ఒక్కళ్ళూ మాట్లాడలేదు.

దమయంతి గారు వేపకర్ర పిడి ఉన్న బ్రష్షు ఏరి అతని అరచేతిలో పెడుతుంది. మిల్లు పనికి కాయలు కాసిన అరచెయ్యి. "పిడి మీ చేతికి సరిపోవాలి, పిల్ల తలకి కాదు. దువ్వేది మీరు," అంటుంది. ఆ మాట వరహాలుకి బరువుగా ఉంటుంది. ఆమె చెప్పినంత ఇచ్చేసి, మళ్ళీ అంత సందూ నడిచి ఇంటికి వస్తాడు.

తెల్లారాక వరహాలు ఏటికి వెళ్ళి, చేయాల్సినవన్నీ చేసి, గుండు చేయించుకుని తిరిగి వస్తాడు. ముందు గదిలోకి వెళ్ళడు. ఇంటి పక్క నుంచి నడిచి పెరట్లోకి వెళ్ళి, నూతి గట్టు మీద భూలక్ష్మి చేతుల ఎదురుగా కూర్చుంటాడు.

చేతులు అల్లుకుంటున్నాయి. ఎడమ బొటనవేలి మీద కత్తిపీట తెగిన మచ్చ. కుడి మణికట్టు మీద నూనె చిందిన మరక. పెళ్ళినాడు తప్ప నలుగురూ చూస్తుండగా ఆ చేతులు పట్టుకున్నవాడు కాడు వరహాలు. మగాడు అలా పట్టుకోకూడదని ఎవరు చెప్పారో ఏమో, చెప్పినవాణ్ణి తన్నాలి. ఇప్పుడు కూడా ఇరుగుపొరుగు గోడ మీంచి చూస్తున్నారు. వరహాలు రెండు చేతులూ చాచి ఆ రెండు చేతుల్నీ కప్పుతాడు.

"భూలచ్చిమీ. గుంటకి కొత్త జుట్టు వచ్చిందే. కుదుట్లో. నువ్వు సూడనేదు."

చేతులు ఆగుతాయి. భూలక్ష్మి పోయిన రోజు నుంచి అవి ఆగడం ఇదే మొదలు. గాజుల చప్పుడు లేకపోయేసరికి ఇల్లంతా బావురుమంటుంది.

లోపల్నుంచి కేక వినిపిస్తుంది. పైడి తన జడ వెంబడే, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, గది దాటి, రుబ్బురోలు చుట్టూ తిరిగి పెరట్లోకి వస్తుంది. నడవలేక గోడ పట్టుకుంటుంది.

"నాన్నా, అమ్మని జడ ఒగ్గీమని సెప్పకు! నాకు మాటిచ్చేవు కదా!"

"మాట తప్పేనమ్మా. అలాటి బ్రష్షు ఎక్కడా నేదు." వరహాలు పిల్ల కళ్ళలోకి చూస్తాడు. "కానీ ఒగ్గీమన్నేదు. పైకి రమ్మన్నాను. కొత్త జుట్టు సూడ్డానికి. జడ ఇప్పుకుంటా వస్తేనే రాగలదు."

పైడి చాలాసేపు చేతులకేసి చూస్తుంది. అమ్మ చేతుల్ని ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో. "వచ్చి ఉంటాదా?"

"అది నాకు తెలీదు."

అబద్ధం చెప్పనందుకో ఏమో, పిల్ల ఇంకేమీ అడగదు. వెనక్కి వెళ్ళి ముందు గుమ్మం దగ్గర కింది మెట్టు మీద కూర్చుని, వీపు నిటారుగా పెట్టుకుంటుంది. అక్కణ్ణుంచి చిన్న గొంతుతో, "అయితే రమ్మను," అంటుంది.

వరహాలు కొస దగ్గర మొదలుపెడతాడు. భూలక్ష్మి వేళ్ళు ఒక పాయ వదులుతాయి, అతను అందుకుంటాడు. తర్వాత ఇంకోటి. వేళ్ళు ముందు, వేళ్ళ వెనక అతని వేళ్ళు. జడ విచ్చుకుంటూ నూతి గట్టు నుంచి పెరటి గుమ్మంలోకి, వంటింట్లోకి వస్తుంది. విప్పిన జుట్టు నల్లటి నీళ్ళలాగ నేలంతా పరుచుకుంటుంది. అప్పలకొండ దాన్ని చేటలతో ఎత్తి మంచాల మీద ఆరబెడుతుంది.

చిక్కుల్లో ఏవేవో దొరుకుతాయి. విరిగిన దువ్వెన పళ్ళు దొరుకుతాయి. పరామర్శకి వచ్చినవాళ్ళ అయ్యోలు గుత్తులు గుత్తులుగా దొరుకుతాయి, అప్పలకొండ వాటిని ఊడ్చి పారేస్తుంది. ఒక మధ్యాహ్నమంతా, తిననే తినని అన్నం ముద్దతో సహా, ఒక ముడిలో ఇరుక్కుని ఉంటుంది. వరహాలు తొందరపడడు. గోటితో, ఓపిగ్గా, ఒక్కో వెంట్రుకా వేరు చేస్తాడు. మిల్లులో ఇలా చేస్తే సూపర్‌వైజరు ఇంటికి పంపేస్తాడు.

ముందు గది గుమ్మం దగ్గర, పిల్ల వీపు వెనక, అన్నిటికన్నా గట్టి చిక్కు ఉంది. అది సగం జడ దగ్గరి చిక్కు. భూలక్ష్మి వేళ్ళు ఎంత లాగినా దాన్ని విప్పలేవు. వరహాలు వంగి పళ్ళతో పట్టి వదులు చేస్తాడు. లోపల ఒక మాట ఉంది. ఇంకా వెచ్చగా ఉంది. ఆ పొద్దున భూలక్ష్మి పిల్లతో అన్న ఆఖరి మాట.

"కదలకే."

అది భూలక్ష్మి గొంతే. రోజూ అనే మాటే, విసుగుతో, ముద్దుగా, నోట్లో పిన్ను పెట్టుకుని. గుమ్మంలో నిలబడ్డ అప్పలకొండ కొంగు నోట్లో కుక్కుకుంటుంది.

పైడి భుజాలు కదులుతాయి. "నాను కదల్నేదు నాన్నా," అంటుంది వెక్కుతూ. "కదలొద్దంది కదా. అందుకే అప్పట్నుంచీ కదల్నేదు."

"తెలుసమ్మా," అంటాడు వరహాలు. అతనికి తెలీదు. ఇప్పుడే తెలిసింది. పిల్ల మొండికేస్తోందనుకున్నాడు ఇన్నాళ్ళూ. "ఇంక కదలొచ్చు. అమ్మ ఇక్కడే ఉంది. సిక్కు ఇడిపోయింది."

పిల్ల తల వంచి మోకాళ్ళ మీద పెట్టుకుని, గట్టిగా, ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది. ఆ తల మీదికి తల్లి చేతులు వస్తాయి. పాపిడి దగ్గర ఆగి, కొత్త జుట్టుని బొటనవేలితో నెమ్మదిగా నిమురుతాయి. ఈ చివర నుంచి ఆ చివరకి. చెవుల వెనక, మెడ మీద, ఎక్కడెక్కడ పుట్టిందో అక్కడల్లా వెతికి వెతికి ముట్టుకుంటాయి. ఒక్క వెంట్రుకనీ వదలవు.

తలకి అప్పలకొండ నీళ్ళు పోస్తుంది, కుంకుడు పులుసుతో చేతులు రుద్దుతాయి. ఆరాక వరహాలు బ్రష్షు తీస్తాడు. కుదుట్లో ఆనించి కొసకి లాగుతాడు. పిల్ల ఒక్కసారి ముడుచుకుని, నొప్పి లేదని తెలిసి వదులవుతుంది. దువ్వినకొద్దీ జుట్టు నిగనిగలాడుతుంది, దువ్వినకొద్దీ పొడుగు తగ్గుతుంది. మంచాల మీంచి, గదిలోంచి వెనక్కి వచ్చి వచ్చి, చివరికి నడుం దగ్గర ఆగుతుంది. పిల్ల అసలు జుట్టు అంతే. మిగిలినదంతా పట్టుకోవడం వల్ల వచ్చిన పొడుగు.

ఆ రాత్రి పైడి పక్కకి తిరిగి పడుకుని నిద్రపోతుంది. చేతులు ఆమె భుజం మీద ఉన్నాయి. కానీ పని లేని చేతులు ఎంతసేపని ఊరుకుంటాయి? దుప్పటి సర్దుతాయి, మళ్ళీ సర్దుతాయి. తర్వాత చీకట్లో పాకి, పక్కన పడుకున్న వరహాలు గుండు మీదికి వస్తాయి. అటూ ఇటూ తడుముతాయి. లేని జుట్టుని మధ్యకి పాపిడి తీసి, వెనక్కి దువ్వి, మూడు పాయలు చేస్తాయి.

వరహాలు మెడ వెనక్కి లాగుతుంది. కుదుళ్ళు కలుక్కుమంటాయి. ఇంత నొప్పిని పసిగుంట ఎలా ఓర్చుకుందో! నోరు మూసుకుని, కదలకుండా పడుకుంటాడు.

పొద్దున పైడిని బడికి తీసుకెళ్ళాలి. వరహాలే జడ వేస్తాడు. ఒక పక్కకి వంకర పోతుంది, ఎర్ర రిబ్బను కట్టి సరిపెడతాడు. పైడి అద్దంలో చూసుకుని, "బాగా నేదు," అంటుంది, "ఉండనీ," అంటుంది. అతను తల తిప్పకుండా ముందుకే చూస్తూ నడుస్తుంటే అప్పలకొండ ఆపుతుంది.

"ఏట్రా, మెడ పట్టిందేటి?"

"ఏం నేదప్పా. జడేస్తంది."

అప్పలకొండ తమ్ముడి గుండు చూసి, తలుపు తీసి పట్టుకుంటుంది.

గుండు మీద లేని జుట్టుతో ఒక సుఖం ఉంది. అది ఎంత పొడుగున్నా పెరగదు. అందుకని అల్లిక ఎప్పటికో అప్పటికి కొసకి రావాల్సిందే. వరహాలు, పైడి బడి గేటు దాకా వచ్చేసరికి లాగడం ఆగుతుంది. ఆగిందే గానీ వదల్లేదు. వెనక ఎక్కడో, ఎవరో పట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది.

వరహాలు వెనక్కి తిరగలేడు. పైడి తిరిగి చూస్తుంది.

"నాన్నా, నీ జడ కొస బజారు మలుపు దగ్గరుంది. అల్లడం అయిపోయింది. అమ్మ పట్టుకుని నిలబడింది."

"ఎందుకు నిలబడింది?"

"రిబ్బను కోసం."

వరహాలు రిబ్బను కొనుక్కొస్తానని అనడు, కొట్టు తెరవలేదని అనడు. పిల్లలు పైడిని దాటుకుని గేట్లోకి పోతుంటారు.

"ముడేస్తే ఎల్లిపోతాది కదా?"

"తెలీదమ్మా."

"నీకు తెలుసు," అంటుంది పైడి. తండ్రి మీద కోపం లేదు ఆ మాటలో.

ఆమె తన జడకున్న ఎర్ర రిబ్బను విప్పుతుంది. దాన్ని మడిచి పిడికిట్లో పెట్టుకుని, అతని వెనక్కి పరిగెడుతుంది. చెప్పుల చప్పుడు దూరమై, ఆగిపోతుంది. వరహాలు ఎదురుగా ఉన్న బడి గోడనే చూస్తూ నిలబడతాడు. చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది, చూడలేడు. కాసేపటికి నెత్తి మీద చిన్నగా బిగుతు తెలుస్తుంది. ఒకసారి. ఇంకోసారి. తర్వాత బరువంతా వదులై వీపు మీదికి జారుతుంది.

చెప్పుల చప్పుడు దగ్గరికి వస్తుంది. పైడి జడ సగం విడిపోయి భుజాల మీద పడి ఉంది. రెండు బుగ్గలూ నూనెతో మెరుస్తున్నాయి.

"ఏసీసేవా?"

"రెండు ముళ్ళు ఏసేను. పువ్వు కూడా పెట్టేను."

"అమ్మ?"

"సేతులకి నూనుంటే నా బుగ్గలకి తుడిచీసింది. ఎప్పుడూ అంతే." పైడి చేత్తో బుగ్గ ముట్టుకుని, ఆ చేతిని చూసుకుంటుంది. "తర్వాత నేదు నాన్నా."

గంట కొడతారు. పైడి లోపలికి పరిగెడుతుంది. వరహాలు కళ్ళు తుడుచుకుని, మిల్లు దారి పడతాడు.

మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ అతణ్ణి లోపలికి పోనిచ్చి, గేటు మూయబోయి ఆగుతాడు. సైరన్ కూసేసింది. లోపల సూపర్‌వైజరు గేటు వేయమని చెయ్యి ఊపుతున్నాడు. వాచ్‌మన్ వినడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ గేటు తెరిచి పట్టుకుంటాడు. వరహాలు జడ కొసన, మోకాలంత ఎత్తున, ఎవరూ పట్టుకోకుండా, ఎర్ర రిబ్బను ఒకటి బజారు దాటి నెమ్మదిగా వస్తోంది. బస్సు ఒకటి దానికి దారిచ్చి పక్కన ఆగి ఉంది. అది రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది.